నేను చదివేదాకా ముట్టుకోకు

ముందుగా మన్నించండి. నా రాతలో ఒత్తులు జారిపోతాయి, దీర్ఘాలు ఒకచోట ఉంటే ఇంకోచోట ఉండవు. ఒక పేజీ రాయడానికి నాకు ఒక పూట పడుతుంది. అక్షరాలు నేర్చుకున్నది మా ఆయన పోయాక, యాభై దాటాక. అందుకని కాస్త ఓపిక పట్టండి. ఓపిక పట్టనివాళ్ల సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా మరిది దీన్ని వేరేలా చెబుతున్నాడు. నలుగురు చేరిన చోటల్లా, "మా వదిన నీలం తెర ముందు కూర్చుని నక్షత్రాలు లెక్కపెట్టింది" అని నవ్విస్తున్నాడు. నవ్వేవాళ్లు నవ్వారు. ఇప్పుడు నేను చెబుతాను.

మా మరిదికి చిన్న కంపెనీ ఉంది. కూరగాయలు, మందులు దాచే చల్లటి గోదాముల్లో పెట్టే పెట్టెలు తయారు చేస్తారు. అరచేతి కంటే కాస్త పెద్దవి. గోదాములో చల్లదనం ఎంతుందో చూసి, తీగ మీద అక్కడి ఆఫీసు గదిలోని పెద్ద మిషన్‌కి చెబుతూ ఉంటాయి. ఆ పెట్టెలకి కెర్నెల్ తయారు చేయడం మా అమ్మాయి పని. కెర్నెల్ అంటే, పెట్టెకి కరెంటు ఇవ్వగానే అందరికంటే ముందు లేచి మిగతావాళ్లందర్నీ లేపేది. అమ్మాయి నాకు అలాగే చెప్పింది. ఇంట్లో నా పనీ అదే కాబట్టి వెంటనే అర్థమైంది.

అక్కడి పనిబల్ల మీద సర్క్యూట్ పలకలు తుడిచే మందు ఒకటి ఉంటుంది. దాని దగ్గర పెట్టుకోవడానికి కళ్లకి రక్షణ అద్దాలు కొనమని అమ్మాయి అడిగింది. మళ్లీ అడిగింది. "ఈ కాస్త తుడుపుకి అద్దాలెందుకమ్మా, మనమేమన్నా రాకెట్లు చేస్తున్నామా?" అన్నాడు వాళ్ల బాబాయి. ఒకరోజు బిగుసుకుపోయిన మూత తిప్పుతుంటే ఆ మందు చిమ్మి రెండు కళ్లలోనూ పడింది. కంటి డాక్టరు రెండింటికీ పట్టీలు వేసి, రెండు వారాలు విప్పొద్దన్నారు. చూపు ఎంత మిగిలిందో విప్పాకే తెలుస్తుందన్నారు.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన మర్నాడే మరిది దిగాడు. ఒక చేతిలో పళ్ల సంచీ, ఇంకో చేతిలో అట్టపెట్టె.

"ఎలా ఉందమ్మా?" అని అడిగి, జవాబు వినకుండానే, "కొత్త పెట్టెలు వచ్చేశాయి. వీటిల్లో నెట్‌వర్క్ కార్డు మార్చేశారు. మన పాత కెర్నెల్లో దీని డ్రైవర్ లేదు. శనివారం లారీ బయల్దేరాలి," అన్నాడు.

"శనివారమంటే ఎల్లుండి," అన్నాను.

"అందుకే కదా వదినా, ఒకాయన్ని మాట్లాడాను. అతను చూసుకుంటాడు. అమ్మాయిని పడుకోనివ్వండి. ఎన్నాళ్లు కావాలంటే అన్నాళ్లు."

మాట మెత్తగానే ఉంది, లెక్క మెత్తగా లేదు. ఆ కంపెనీలో ఈ పనికి ఉన్నది ఒక్కటే కుర్చీ. ఈ కెర్నెల్ ఇంకొకరు కడితే కుర్చీ కూడా వాళ్లదే అయిపోతుంది. అది అమ్మాయికి తెలుసు, నాకు తెలుసు, పళ్లు తెచ్చినాయనకీ తెలుసు.

అమ్మాయి మంచం మీద లేచి కూర్చుంది. "నేనే చేస్తాను బాబాయ్. ఆ పెట్టె ఇక్కడ పెట్టి వెళ్లు."

"గంతలు కట్టుకుని ఎలా చేస్తావే?"

"టైపు చేయడానికి నాకు కళ్లక్కర్లేదు. స్క్రీన్ అమ్మ చదువుతుంది."

మరిది నావైపు చూసి ముక్కుతో నవ్వాడు. మా ఆయనదీ అదే నవ్వు. నేను పేపరు చేతిలోకి తీసుకుంటే చాలు, "తలకిందులుగా పట్టుకున్నావేమో చూసుకో" అని బతికినన్నాళ్లూ అదే నవ్వు నవ్వాడు.

"వదినా, అది బస్సు బోర్డు కాదు."

"బస్సు బోర్డైతే కదిలిపోతుందయ్యా. ఇది ఎక్కడికీ పోదుగా," అన్నాను.

శుక్రవారం పొద్దున్నే పని మొదలుపెట్టాం. కంప్యూటర్‌కే చదివి వినిపించే సదుపాయం ఉందంటే ముందు అది పెట్టి చూశాం. అది గీతల్నీ, బ్రాకెట్లనీ కూడా వదలకుండా చదివి ఇద్దరికీ పిచ్చెక్కించింది. దాని నోరు మూయించి నేను కుర్చీ లాక్కున్నాను.

"చూడమ్మా," అంది అమ్మాయి, "ఈ పెట్టెలో కెర్నెల్ ఒక్కటే పడుతుంది. మిగతా సామానంతా తీగకి అవతల పెద్ద మిషన్లో ఉంటుంది. ఇక్కడ మన కంప్యూటరే ఆ పెద్ద మిషన్ అనుకో. కెర్నెల్ లేవగానే కార్డుని పలకరించి, తీగ మీంచి ఆ సామాను తెప్పించుకోవాలి. కార్డుతో మాట్లాడటం తెలిసినది డ్రైవర్. మనం ఆ డ్రైవర్‌ని కెర్నెల్‌కి ఇవ్వాలి. మెనూలో ఒక్కో పేరు ముందు చిన్న గడి ఉంటుంది. ఖాళీగా ఉంటే లేనట్టు, గుర్తుంటే ఉన్నట్టు. సరేనా?"

సరే అన్నాను. నీలం తెర మీద బూడిద రంగు పలక, దాని నిండా వరుసలు. కార్డులు చేసే కంపెనీల పేర్లట అవన్నీ. ఒక్కో పేరు కింద మళ్లీ పిల్లల్లా కార్డుల పేర్లు. ఇంగ్లీషులో నాకు పెద్ద అక్షరాలు ఒక బడిలో, చిన్న అక్షరాలు ఇంకో బడిలో నేర్పినట్టు విడివిడిగా వచ్చు. ఇక్కడ రెండూ కలిపి, మధ్యలో అంకెలు కూడా దూర్చారు.

"అది ఒకటి అంకెనా, ఎల్ అక్షరమా?" అంది అమ్మాయి.

"ఒక తల్లి పిల్లల్లా ఉన్నాయి రెండూ. నేనేం చెయ్యను?"

"అమ్మా, అర్థం వెతక్కు. అక్షరాలు చెప్పు చాలు. ఇది కథల పుస్తకం కాదు."

"కథల పుస్తకమైతే ఈపాటికి ఎవరో ఒకరు చచ్చి మనకి పని తప్పేది."

అమ్మాయి నవ్వలేదు. మధ్యాహ్నానికి మా కార్డు వరుస దొరికింది. అమ్మాయి మీట నొక్కింది. వెంటనే పలక మీద చిన్న కిటికీ ఒకటి తెరుచుకుంది, నిండా మాటలు. మొదటి మాట కూడబలుక్కుంటున్నాను. అంతలో తను ఎంటర్ కొట్టింది. కిటికీ మాయం.

"ఏదో వచ్చిందే. చాలా రాసి ఉంది."

"పోయింది కదా, వదిలెయ్. గడిలో గుర్తు ఉందా లేదా?"

"ఉంది."

"అంతే కావాలి."

కెర్నెల్ తయారయ్యేదాకా కంప్యూటర్ ఫ్యాన్ హోరెత్తింది. తర్వాత దాన్ని పెట్టెలోకి ఎక్కించి కరెంటు ఇచ్చాం. వరుసలు జారాయి, జారాయి, ఆగిపోయాయి. చివరి వరుస నేను చదివాను. "పి, ఏ, ఎన్, ఐ, సి." కెర్నెల్ హడలిపోయి చేతులెత్తేసిందట. సామాను దొరకలేదట. మళ్లీ చేశాం, మళ్లీ అదే. కిటికీ వచ్చినప్పుడల్లా నేను "ఆగు" అనేలోపు అమ్మాయి వేలు పడిపోయేది. చూడలేని మనిషికి వేళ్లు ఎంత తొందరపడతాయో ఆ రోజే చూశాను.

సాయంత్రానికి తను కీబోర్డు తోసేసింది. "నువ్వు సరిగ్గా చదవట్లేదు."

"చదువుతున్నాను."

"చదివితే ఇది ఎందుకు చస్తుంది? నీకెందుకమ్మా చదువు? నాన్న అన్నది నిజమే!"

నేను కుర్చీలోంచి లేచాను. వంటింట్లోకి వెళ్లి, తోమిన గిన్నెలే మళ్లీ తోమాను. తిట్లు నాకు కొత్తకాదు. కానీ ఆ మాట వినకుండా బతకడానికే నేను ఆ వయసులో పలక పట్టుకున్నాను. అది నా కూతురి నోట్లోంచి వచ్చింది. ఆ రాత్రి అన్నం పెట్టాను, కళ్ల చుట్టూ తుడిచాను, మాట్లాడలేదు.

శనివారం పొద్దున తలుపు కొట్టారు. మరిది. పక్కన భుజాన సంచీతో ఒక సన్నటి మనిషి, కొత్తగా మాట్లాడినాయన.

"అయ్యిందా వదినా? కాలేదు కదా. నేను ముందే చెప్పాను. ఆ కంప్యూటర్ ఇటివ్వండి, ఆఫీసులో పూర్తి చేయిస్తాను."

నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. కూతురి మీద కోపం ఉంది. కానీ ఈయన మీద ఉన్న కోపం దానికంటే పాతది. "చదవడం ఇంకా పూర్తి కాలేదు. కావాలంటే లోపలికొచ్చి కూర్చోండి," అన్నాను.

లోపలికెళ్లి అమ్మాయి పక్కన కూర్చున్నాను. "తెరువు. మొదట్నించీ."

తను తెరిచింది. మా వరుస దగ్గరికి వచ్చాం. మీట నొక్కింది. కిటికీ వచ్చింది. తన వేలు ఎంటర్ మీదికి వెళ్తుంటే మణికట్టు పట్టుకున్నాను. గట్టిగానే పట్టుకున్నాను.

"చెయ్యి తియ్యి. నేను చదివేదాకా ముట్టుకోకు."

"ఇది చదివేసరికి లారీ తిరిగొస్తుంది," అన్నాడు మరిది వెనకనుంచి. "నువ్వు చదివెయ్యవయ్యా, ఒక్క ముక్కలో తేలిపోతుంది."

సన్నటాయన ముందుకి వంగాడు.

"వద్దండీ," అంది అమ్మాయి. "అమ్మ చదువుతుంది."

చదివాను. వేలు తెర మీద ఆనించి, ఒక్కో అక్షరం. డి, ఈ, పి, ఈ, ఎన్, డి, ఎస్. "డిపెండ్స్," అంది అమ్మాయి, "ఊఁ, దేనిమీద?" మరిది ఫోను మోగింది. కట్ చేశాడు. మళ్లీ మోగింది. నేను తల తిప్పలేదు. ఒకచోట వరుస తప్పితే మళ్లీ మొదట్నించి ఎత్తుకున్నాను. మరిది నిట్టూర్చాడు. ఇంకోసారి నిట్టూర్చాడు. నా జీవితంలో అందరూ నాకోసం ఆగడం అదే మొదలు. ఆగాలని వాళ్లకి లేదు, గతిలేక ఆగారు.

చివరి మాట అయ్యాక అమ్మాయి నుదుటి మీద కొట్టుకుంది. "ఈ డ్రైవర్ ఇంకోదాని మీద ఆధారపడి ఉందట. ఆ ఇంకోటి విడి ముక్కగా ఉందట. అందుకని దీన్నీ విడి ముక్కగానే చేస్తున్నానని చెబుతోంది. అమ్మా, గడిలో ఉన్న గుర్తు ఏంటి?"

"ఎమ్."

"నక్షత్రం కాదా? నిన్న కూడా ఎమ్మేనా? ఎందుకు చెప్పలేదు?"

"గుర్తుందా అని అడిగావు, ఉందన్నాను. ఏం గుర్తని అడిగావా?"

తను కీబోర్డు మీంచి చేతులు తీసింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. నక్షత్రమైతే కెర్నెల్ లోపల కలిసినట్టు. ఎమ్ అయితే విడిగా, అవతలి మిషన్లో సామానుతో పాటు ఉన్నట్టు.

"అంటే తాళంచెవి లోపల పెట్టి తలుపు వేసుకున్నామా?"

"అదే చేశాం. ఆ ఇంకోటి దీనికి పైది. పైదాన్ని నక్షత్రం చేస్తేగానీ కిందిది నక్షత్రం కాదు."

"పైదాన్ని ముక్క చేసిందెవరు?"

"నేనే. పోయిన నెల బాబాయి కెర్నెల్ బరువు తగ్గించమంటే. పాత కార్డుకి దాని అవసరం లేదు."

మరిది కిటికీలోంచి వీధిలోకి చూడటం మొదలుపెట్టాడు.

పైదాని వరుస వెతికి చదివాను. అమ్మాయి మీట నొక్కింది, నక్షత్రం పడింది. కిందికి వచ్చి మళ్లీ నొక్కింది. ఈసారి ఏ కిటికీ రాలేదు. "నక్షత్రం," అన్నాను. కెర్నెల్ తయారైంది, పెట్టెలోకి ఎక్కింది. వరుసలు జారాయి, నిన్న ఆగినచోట ఆగలేదు. తీగ దూర్చినచోట చిన్న ఆకుపచ్చ దీపం మిణుకుమంది. కాసేపటికి పెట్టె మా గదిలో వేడి ఎంతో చెప్పింది. నన్నడిగితే ఇంకా ఎక్కువే ఉంది.

"శభాష్ వదినా!" అన్నాడు మరిది. జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు. "పని అయిపోయింది. ఇక అమ్మాయి హాయిగా పడుకోవచ్చు. సోమవారం నుంచి ఈయన కూర్చుంటాడు."

అమ్మాయి ముఖం అతని గొంతు వైపు తిరిగింది. పట్టీల కింద ఏముందో నాకు కనబడలేదు. నేను లేచాను.

"ఈయన కూర్చునే బల్ల మీద ఏముందో చెప్పావా ఈయనకి? మూత బిగిసిన సీసా ఉందని చెప్పావా? అద్దాలు అడిగితే రాకెట్లా అన్నావని చెప్పావా?"

"వదినా, ఇంటి విషయాలు బయటివాళ్ల ముందు ఎందుకు..."

"కళ్లు పోతే ఇంటి విషయం, పెట్టె లేస్తే కంపెనీ విషయమా? పళ్లు తెచ్చి మంచం పక్కన పెట్టి, అదే చేత్తో కుర్చీ ఎత్తుకుపోదామని వచ్చావు. మీ అన్న నాకు పుస్తకం అందనివ్వలేదు. నువ్వు దీన్ని పనికి అందనివ్వవు. ఏం మనుషులయ్యా మీరు!"

వీధిలో పోయేవాళ్లు కూడా విని ఉంటారు. విననీ.

సన్నటాయన సంచీ భుజాన సర్దుకున్నాడు. "ఆమె మానేశారని చెప్పారండీ మీరు నాకు," అన్నాడు మరిదితో.

"మానేయలేదు," అంది అమ్మాయి. "పట్టీలు విప్పినరోజు వస్తాను. కళ్లు రాకపోయినా వస్తాను. బాబాయ్, కెర్నెల్ తీసుకెళ్లు, లారీ పంపించుకో. నా కుర్చీలో ఎవరున్నా లేపుతాను."

మరిది కెర్నెల్‌ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని వెళ్లిపోయాడు.

పట్టీలు విప్పారు. కుడికన్ను నిలిచింది. ఎడమకంట్లో వెలుగు తప్ప ఏమీ లేదు. ఆసుపత్రి నుంచి ఇంటికి రాకుండా నేరుగా ఆఫీసుకే వెళ్లాం. సన్నటాయన మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. మరిది, "ఇంకా ఏదీ అనుకోలేదు..." అని మొదలుపెట్టాడు. అమ్మాయి కూర్చుంది. ఒక కన్ను అలసిపోతే ఇంకో జత కళ్లు కావాలి కాబట్టి నేను స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాను. నన్నెవరూ పిలవలేదు. పొమ్మనే ధైర్యం కూడా ఎవరికీ రాలేదు. ఇప్పటికీ వారంలో మూడు రోజులు వెళ్తున్నాను.

ఆ శుక్రవారం అన్న మాటకి అమ్మాయి నాకు క్షమాపణ చెప్పలేదు. నేనూ అడగలేదు. మరిచిపోయానని మాత్రం రాయను, అబద్ధం అవుతుంది. ఎడమకంటి సంగతి మరిది ఎక్కడా ఎత్తడు. ఎత్తేదాకా అతనికి తెర మీద ఉన్నది చదివి వినిపించడం తప్ప నాకు వేరే మాటల్లేవు.

రాసింది: అందరూ పెద్దొదిన అని పిలిచే నేను. వయసు అరవై రెండు. ప్రస్తుతం ఉంటున్నది కూతురి ఇంట్లో, రెండో అంతస్తు, మెట్లెక్కగానే కుడివైపు గది.