ముక్కకి వెనకడుగు

ఆ కుక్క డాన్సు టీచరుకి దొరికింది అన్నగారి షెడ్డు వెనకాల. అన్న లారీ మెకానిక్కు. పని లేని రోజుల్లో కుక్కల్ని కొట్లాట పందేలకి దించుతాడు. ఓడిన కుక్క తలమీద రాడ్డుతో ఒక్కటేసి చెత్తకుప్పలో పారెయ్యడం అతని అలవాటు. ఆ రోజు రాడ్డు ఎత్తేసరికి చెల్లెలు అడ్డం పడింది.

"చచ్చేదాన్ని ఏం చేసుకుంటావే?"

"డాన్సు నేర్పుకుంటా," అంది ఒళ్లుమండి.

షెడ్డంతా పగలబడి నవ్వింది. అన్న దాన్ని కాలితో ఆమె వైపు నెట్టాడు.

చెవి చిరిగి ముక్కే మిగిలింది గనక 'ముక్క' అని పేరు పెట్టింది. పుళ్లు మానాక, డాన్సు హాలు ఖాళీగా ఉండే మధ్యాహ్నాలు పాఠం మొదలెట్టింది. ఉడికించిన కార్జం గుప్పిట్లో పట్టుకుని దాని మూతి ముందు గుండ్రంగా తిప్పితే కుక్క కూడా తిరిగింది. చుట్టు పూర్తవగానే నాలుక టక్కుమనిపించి కార్జం నోట్లో పెట్టేది. "ముక్కకి ముక్క," అని తనలో తనే నవ్వుకునేది. రానురాను వట్టి చెయ్యి తిప్పినా గిర్రున తిరిగేది. తర్వాత ఆమె అడుగేస్తుంటే కాళ్ల సందున ఇటునుంచి అటు దూరడం. ఆ తర్వాత వెనక కాళ్ల మీద నిలబడటం. ఒకటి బాగా ఒంటబట్టాకే ఇంకోటి దానికి జతచేసేది.

వెనకడుగు దగ్గర మాత్రం తాతలు దిగొచ్చారు. వెనక్కి తగ్గినప్పుడల్లా అన్న చేతిలో చావుదెబ్బలు తిన్న కుక్క అది. ఆమె ఎదురుగా ఒక అడుగేస్తే చాలు, పళ్లు బయటపెట్టేది. అందుకని గోడకీ బల్లకీ మధ్య ఇరుకులో నిలబెట్టి, కార్జం దాని గడ్డం కిందికి జరుపుతూ, ఒక్క కాలు వెనక్కి పడినా చాలని పెట్టేసేది. చివరికి ఒకనాడు హాలు ఈ చివర నుంచి ఆ చివరకి, ఆమె కళ్లలోకే చూస్తూ వెనక్కి నడిచింది. టీచరు నేలమీద కూలబడి ఏడ్చేసింది.

కుక్క కండ పట్టిందన్న సంగతి అన్న చెవిన పడింది. గొలుసు పట్టుకుని హాల్లోకి వచ్చాడు.

"ఇటివ్వు. పందేనికి కావాలి."

"అది నాది అన్నయ్యా."

"నా తిండి తిని పెరిగింది."

"నీ దెబ్బలు తిని."

చెంప ఛెళ్లుమంది. జుట్టు పట్టి ఆమె తలని గోడ అద్దానికేసి కొట్టాడు. అద్దం భళ్లున పగిలింది. నుదుటి నెత్తురు కళ్లలోకి కారుతుండగా ఆమె అతని మెడ గోళ్లతో చీరింది. ముక్క మధ్యలోకి దూకింది.

"వెనక్కి! ముక్కా, వెనక్కి!"

దానికి వినబడలేదు. నోటికందింది కరిచింది. అందింది ఆమె కుడిచెయ్యే. పళ్లు ఎముకదాకా దిగాయి.

"చూశావా! నిన్నే కరిచింది!" అని రొప్పుతూ అన్న గొలుసు దాని మెడకి బిగించి పైకి లేపాడు. కుక్క కాళ్లు గాల్లో కొట్టుకుంటున్నాయి. టీచరు ఎడమచేత్తో ఇనప స్టూలు అందుకుని అతని మోకాలి మీద కొట్టింది. పటుక్కుమంది. అన్న కుప్పకూలాడు, గొలుసు జారింది.

"చెల్లీ, వద్దే!" అన్నాడు, చెయ్యి అడ్డం పెట్టుకుని.

అక్కడితో ఆగొచ్చు. ఆగలేదు. ఆ చేతి మీదే మళ్లీ వేసింది. వేళ్లు నలిగాయి.

ఆస్పత్రికి వదిన వచ్చింది. టీచరు మంచం పక్కన కూర్చుని, "ఇంక ఆయన పానా పట్టలేడంట. నీకు తృప్తేనా?" అంది.

"మోకాలు విరిచినందుకు నాకు బాధ లేదొదినా. వేళ్లు... అది కావాలనే చేశాను."

వదిన సంచి చేతిలోకి తీసుకుంది. "ఆ మాట ఆయనకి చెప్పకు," అని లేచి వెళ్లిపోయింది.

టీచరు కుడిచేతి వేళ్లు సరిగా ముడుచుకోలేదు. ఎడమ చేత్తో పాఠం మళ్లీ మొదటికొచ్చింది. ముక్క కొన్నాళ్లు దగ్గరికి రాలేదు, తర్వాత కార్జం కోసం వచ్చింది, ఆ తర్వాత ఊరికే వచ్చింది.

ఒక సాయంత్రం వీధి మలుపులో అన్న ఎదురయ్యాడు, చంకలో కర్రతో. ముక్క గుర్రుమంది. అతను ఏదో అనబోయి నోరు తెరిచాడు. ఆమె మాట్లాడదామనే అనుకుంది, కానీ అప్పటికే బాగున్న చెయ్యి పిడికిలి బిగుసుకుని ఉంది. అది చూసుకుని హడలిపోయి, కుక్క తాడు పొట్టిగా పట్టుకుని పక్క సందులోకి తిరిగింది.