అమాస కత్తి

సాలోళ్ళ పిల్ల కొలిమికి పోవడమేమిటని మూడేళ్ళ కింద చొప్పదండిలో నవ్వనివాళ్ళు లేరు. తండ్రి సాంచాల మీద బట్ట నేస్తాడు. తల్లి నర్మద బీడీలు చుడుతుంది. పిల్ల హర్షిణి డిగ్రీ చదివింది. చదివి ఏం చేసిందయ్యా అంటే, గంగయ్య కొలిమికి పోయి సమ్మెట పట్టుకుంది. ఎక్కడో జపానులో ఒక ముసలాయన కత్తి చేయడం ఫోన్లో చూసిందట, ఆ రాత్రి నిద్ర పట్టలేదట. నిద్ర పట్టకపోతే మజ్జిగ తాగి అటు తిరిగి పడుకునే లోకం మనది. ఈ పిల్ల మాత్రం తెల్లారేసరికి కొలిమి ముందు నిలబడింది.

గంగయ్యకు డెబ్బై దగ్గరపడ్డాయి. నాగళ్ళు పోయి ట్రాక్టర్లు వచ్చాక ఆ వీధిలో కొలుములన్నీ ఒక్కొక్కటిగా ఆరిపోయినా ఆయనది ఆరలేదు. ఆయన కొట్టిన కొడవలి పదును పోదని చుట్టుపక్కల పేరు. ఆయన చేతి వస్తువు మీద మూడు చుక్కల ముద్ర ఉంటుంది. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి ఆయనకు వచ్చిన ముద్ర. మూడేళ్ళలో హర్షిణి యాభై కత్తుల దాకా చేసింది. ఒక్కదాని మీదా ఆ ముద్ర పడలేదు. ప్రతి కత్తినీ అటూ ఇటూ తిప్పి చూసి "మంచిగనే ఉంది" అని పక్కన పెట్టేవాడు. ఆ 'మంచిగనే' వింటే హర్షిణికి ఒళ్ళు మండిపోయేది. తిట్టినా బాగుండునని అనుకునేది.

అలాంటప్పుడు వచ్చింది స్నిగ్ధ. కరీంనగర్‌లో భూములున్న ఇంటి ఆడపిల్ల, హైదరాబాదులో పెద్ద హోటల్ వంటశాలకు పెద్ద. హర్షిణి కత్తుల ఫొటోలు చూసి కారు వేసుకుని నేరుగా కొలిమికే వచ్చేసింది.

"నా కిచెన్‌ల ఉన్న కత్తులన్నీ జపానువో జర్మనీవో. మన దిక్కు కత్తి ఒకటి కావాలె నాకు. చూసినోళ్ళు నోరు తెరవాలె. కాని ఒక్క మాట హర్షిణీ, ముద్ర లేని కత్తి నాకద్దు. ఎవరు చేసిండ్రంటే చూపెట్టేటట్టు ఉండాలె."

"తాత ముద్ర ఉంటదక్కా," అంది హర్షిణి ఆగలేక.

గంగయ్య బీడీ ఆర్పి చెవి సందున పెట్టుకున్నాడు. "కత్తి చూసినంక చెప్త. పెండ్లికి ముందే పిల్లగాని పేరు వెడ్తరా?"

స్నిగ్ధ నవ్వి, నెల తర్వాత శుక్రవారం వస్తానని చెప్పి వెళ్ళిపోయింది.

ఆ నెల రోజులూ హర్షిణి కాలు ఒకచోట నిలవలేదు. పాత లారీ కమాను పట్టీ ఒకటి, కట్టె కోత మిల్లులో అరిగిపోయిన రంపం పట్టీ ఒకటి తెచ్చింది. ఒకటి నల్ల ఇనుము, ఒకటి మెరిసే ఇనుము. రెండూ ముక్కలు చేసి, ఒకదానిమీద ఒకటి పేర్చి, అతుక్కోవడానికి వెలిగారం చల్లి, తెల్లగా కాల్చి, సమ్మెటతో ఏకం చేసింది. సాగగొట్టి మడిచింది. మళ్ళీ సాగగొట్టి మళ్ళీ మడిచింది. రెండు వందల పైచిలుకు పొరలు పడేసరికి భుజాలు వాచిపోయి, అన్నం ముద్ద నోటిదాకా ఎత్తలేక ఎడమ చేత్తో తిన్నది. అయినా ఈల వేసుకుంటూనే తిరిగింది.

పిడికి కట్టె కోసం ఆదిలాబాద్ పోయింది. పాత ఇళ్ళు కూల్చిన దూలాలు, తలుపులు అమ్మే ఓంప్రకాశ్ దుకాణంలో ఒక మూల బొగ్గులాంటి మొద్దు కనిపించింది. గోటితో గీరితే గీత పడలేదు.

"బఘా తాయీ, ఎక్‌దమ్ చాంగ్లా మాల్, మస్తు మంచి సరుకు. ముసలి తునికి కట్టె నడిమి చేవ గది. రంపం పండ్లు ఊడిపోతయ్ గని దానికేం గాదు," అన్నాడు ఓంప్రకాశ్.

తునికి! హర్షిణి బస్సులో ఆ ముక్కను ఒళ్ళో పెట్టుకునే వచ్చింది. ఇంటికి రాగానే తల్లి చాటలోనే పెట్టింది, బీడీలు చుట్టే ఆకుల పక్కన. నర్మద ముక్కను తడిమి, ఆకును తడిమి, మళ్ళీ ముక్కను తడిమింది.

"ముప్పై ఏండ్ల సంది గీ చెట్టు ఆకే చుడ్తున్న. దీని కడుపుల గింత నలుపుంటదని నాకు తెల్వకపాయె," అంది. అని, బిడ్డ చూడకుండా ఇంకోసారి తడిమింది.

పిడి చివరకు వెండి తీగ పని కరీంనగర్‌లో ఆ పనికి పేరున్న వనజ చేసింది. వెంట్రుకంత సన్నటి తీగలు మెలిపెట్టి, చుట్టలు చుట్టి తునికాకు ఆకారంలో అతికింది. పిడికీ కత్తికీ నడుమ అమరే ఇత్తడి పొన్నును హర్షిణే పోత పోసి, ఆకురాయితో రాకింది. ముద్ర పడవలసింది ఆ పొన్ను మీదే.

ఇక మిగిలింది పదును పట్టించడం. కత్తి బతుకంతా ఆ ఒక్క ఘడియలోనే ఉంటుంది. సరైన రంగు వచ్చేదాకా కాల్చి నూనెలో ముంచాలి. రంగు కాస్త తగ్గితే ఇనుము మెత్తగా మిగిలిపోతుంది, కాస్త పెరిగితే పెళుసెక్కి విరుగుతుంది. పట్టపగలు ఆ రంగు కంటికి ఆనదు. అందుకే సోమవారం పొద్దుగూకేదాకా కాచుకుంది. గంగయ్య ఆ వేళ ఊళ్ళో లేడు, నస్పూర్‌లో ఉన్న కూతురింటికి పోయాడు. పోతూ పోతూ "పదును నువ్వే వెట్టుకో, ఎవరి కత్తికి వాళ్ళే వెట్టుకోవాలె" అని చెప్పి మరీ పోయాడు.

వీధిలో దీపాలు పడ్డ వేళ మంటలోని కత్తి ఎర్రబడి, ఎరుపులోంచి మోదుగు పువ్వు రంగుకు తిరిగింది. హర్షిణి ఊపిరి బిగబట్టి తీసి, వేడిచేసిన నువ్వుల నూనెలో నిట్టనిలువుగా దించింది. బుస్సుమని పొగ లేచింది. పది లెక్కపెట్టి బయటికి తీసి, ఒక కన్ను మూసి అంచు వెంట చూసింది. ఒక్క నూలుపోగంత వంకర లేదు! అక్కడ ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది గానీ, ఆ పిల్ల కొలిమి చుట్టూ ఎగిరిన ఎగురుడు ఎవరైనా చూసి ఉంటే భూతవైద్యుణ్ణి పిలిచేవారు. తర్వాత వేడి ఇసుకలో పెట్టి పెళుసు దించి, మసి మొహంతో ఇంటికి పోయింది.

మర్నాడు మంగళవారం అమావాస్య. కమ్మరోళ్ళు అమాసనాడు కొలిమి ముట్టించరు, కాబట్టి సెలవు. పొద్దున ఆకులు కత్తిరిస్తూ నర్మద అడిగింది.

"రాత్రి గంత మసి పూస్కొని వచ్చినవ్, ఏం జేసినవే?"

"పదును వెట్టిన అవ్వా! పొద్దూకినంక వెట్టిన, రంగు ఎంత మంచిగ కనవడ్డదో!"

నర్మద చేతిలో కత్తెర ఆగిపోయింది. "నిన్న పొద్దూకినంకనా? నిన్న పగటీలి రెండు గొట్టంగనే అమాస జొచ్చింది గదనే. గంగయ్య తారీఖు సూడడు, ఘడియలు సూస్తడు. మా చిన్నప్పుడు గా కొలిమి సప్పుడు ఆగుడుతోటే మాకు అమాస ఎరుకయ్యేది."

హర్షిణి క్యాలెండర్ దింపి ఘడియలు చూసింది, నిజమే. నెలకొకసారి గంగయ్య పని నడిమధ్యలో నిప్పు మీద నీళ్ళు చల్లి ఇంటికి పొమ్మనేవాడు. ముసలాయనకు నడుము నొప్పేమోలే అనుకునేది. క్యాలెండర్‌లో నల్ల చుక్క ఉన్న రోజే అమాస అనుకుందే తప్ప, అది ముందురోజు మధ్యాహ్నమే గడప దాటి లోపలికి వస్తుందని తట్టలేదు. తరతరాలుగా ఆ ఘడియల్లో ఎర్రబడని కొలిమిని తను ముట్టించింది.

పోనీ మళ్ళీ కాల్చి పదును పెడదామా అంటే, పలచబడ్డ అంచు రెండో మంటకు ఆగదు. వంకరపోతుంది, పగిలినా పగులుతుంది. శుక్రవారానికి మూడు రోజులే ఉన్నాయి.

"సప్పుడు చేయకుండ ఉండు. ముద్ర వడ్డంక చెప్పు," అంది నర్మద. తల్లులు ఎప్పుడూ ధర్మమే చెబుతారనుకుంటే పొరపాటు.

బుధవారం కత్తిని సానరాయి మీద నున్నగా పట్టి, ఎలక్ట్రానిక్ బోర్డులు కడిగే మందులో ముంచింది. నిమిషం గడిచేసరికి నల్ల ఇనుము నల్లగా, మెరిసే ఇనుము వెండిలా విడిపోయి పొరలు పైకి తేలడం మొదలైంది. మొన నుంచి మొదలుదాకా అలల మీద అలలు. ఇంత అందం తన చేతిలోంచి వచ్చిందంటే హర్షిణికే నమ్మకం కలగలేదు. సంతోషంతో గట్టిగా అరిచింది. అరిచిన మరుక్షణమే అమాస గుర్తొచ్చి నోరు మూసుకుంది. గురువారం తునికి పిడి బిగించి, నూనె రుద్దితే అది కాకిరెక్కలా నిగనిగలాడింది. ఒకవైపు ఎగిరి గంతెయ్యాలనిపిస్తోంది, ఇంకోవైపు అమాస. చెప్తే ముద్ర లేదు, ముద్ర లేకపోతే స్నిగ్ధ తీసుకోదు. చెప్పకపోతే ఏ గొడవా లేదు.

శుక్రవారం స్నిగ్ధ సంచీ నిండా పండు టమాటలతో దిగింది. కత్తి చూడగానే సంచీ కింద పెట్టేసింది. రెండు చేతులా పట్టుకుని వెలుతురుకేసి తిప్పింది, పిడిని బిగించి చూసింది, వెండి ఆకు మీద వేలు తిప్పింది. తర్వాత ఒక టమాట మీద కత్తిని ఊరికే ఆనించి వెనక్కి లాగింది. నొక్కలేదు. టమాట రెండు ముక్కలైంది. ఇంకోటి కోసి, పలచటి ముక్కను ఎత్తి చూపితే దాని అవతల గంగయ్య మొహం కనబడింది.

"హర్షిణీ, ఏం చేసినవే తల్లీ గిది! మస్తుంది! నా జపాను కత్తులు సిగ్గువడ్తయ్."

గంగయ్య కత్తి తీసుకున్నాడు. వేలి గోటి మీద అంచు ఆనించాడు. దాగలి దిమ్మెకు తాకించి చెవి దగ్గర పెట్టుకుని మోత విన్నాడు. ముంజేతి మీద గీస్తే తెల్లటి వెంట్రుకలు రాలిపోయాయి. 'మంచిగనే ఉంది' అంటాడేమోనని హర్షిణి పళ్ళు బిగించింది. ఆయన లోపలికి పోయి గుడ్డలో చుట్టిన మూడు చుక్కల ఉలి తెచ్చాడు. కత్తిని దాగలి మీద ఆనించి, ఇత్తడి పొన్ను మీద ఉలి నిలబెట్టి సుత్తె ఎత్తాడు.

మూడేళ్ళుగా కలలో కూడా చూసిన సుత్తె అది.

"ఆగు తాతా!"

సుత్తె గాలిలోనే ఆగింది. హర్షిణి కళ్ళు మూసుకుని గబగబా చెప్పేసింది. "సోమారం పొద్దూకినంక పదును వెట్టిన. అమాస జొచ్చిందని నాకు తెల్వదు. మంగళారం అవ్వ చెప్పింది. మూడొద్దుల సంది నీకు చెప్పలే. తప్పయింది."

గంగయ్య సుత్తె దించాడు. గోడకున్న క్యాలెండర్ దగ్గరికి పోయి, కళ్ళద్దాలు సవరించుకుని ఘడియలు చూశాడు. వచ్చి, ఉలిని మళ్ళీ గుడ్డలో చుట్టాడు. ఆ గుడ్డ మడత మడత మీద పడుతుంటే హర్షిణికి ఏడుపు ఆగలేదు.

"పోనీ తాతా, ఎవరికి తెలుస్తది? ఇంత మంచి కత్తి," అంది స్నిగ్ధ.

"నాకు తెలుస్తది గదమ్మా. మా తాతల ముద్ర అమాస ఇనుము మీద వడదు. వడలే, వడదు." ఆయన హర్షిణి వైపు తిరిగాడు. "ఏడ్వకు పొల్లా. ఒకటి అడుగుత, చెప్పు. అమాసకు మీ సాంచాలు ఆగుతయా?"

"ఆగయ్," అంది వెక్కుతూ.

"మరి అమాస నాకు గాని నీకేడిది? గీ కత్తి నువ్వు ఒక్కదానివి చేసినవ్. నేను ఊర్లెనే లేను. నా ముద్ర దీనికెందుకు? నీ ముద్ర కొట్టు."

హర్షిణి ఏడుపు ఆపి తలెత్తింది. "నాకు ముద్ర యాడుంది తాతా?"

"లేకుంటే చేస్కో. నిప్పున్నది, ఇనుమున్నది. గీ అమ్మకు తొందర లేదు. ఉందా అమ్మా?"

"అస్సలు లేదు!" అంది స్నిగ్ధ. చీర కొంగు నడుముకు దోపి, కొలిమి పంకా మీట తనే నొక్కింది.

ఇనుము రాకే ఆకురాయి విరిగిన ముక్క ఒకటి మంటలో పడింది. ఎర్రబడగానే హర్షిణి అలవాటుగా సమ్మెట అందుకోబోయింది. కొలిమిలో పట్టకారు పట్టి ఇనుమును తిప్పేవాడు యజమాని, సమ్మెట కొట్టేవాడు పనివాడు. మూడేళ్ళుగా పట్టకారు ఎప్పుడూ గంగయ్య చేతిదే. ఆయన ఇప్పుడు ఆమెకంటే ముందు సమ్మెట ఎత్తుకున్నాడు. పట్టకారు దాగలి మీద ఖాళీగా ఉంది.

"సూస్తవేంది? సల్లారుతది, పట్టు!"

హర్షిణి పట్టకారు పట్టింది. ఆమె ఎటు తిప్పితే అటు గంగయ్య దెబ్బ పడింది. డెబ్బయ్యేళ్ళ చేయి, ఒక్క దెబ్బా తప్పలేదు. ముక్క ఉలిగా సాగింది. దాని మొనను ఆకురాయితో రాకింది. ఏం గుర్తు పెట్టాలని ఆలోచించనే లేదు, చేయి దానంతటదే పోయింది. నిలువు గీతలు రెండు, వాటిని కిందికీ మీదికీ దాటుతూ అడ్డ గీతలు రెండు. పడుగూ పేకా. ఉలికి పదును పట్టించి, చల్లారాక కత్తి పొన్ను మీద నిలబెట్టింది.

"ఒకటే దెబ్బ. రెండోది కొడితే ముద్ర చెదురుతది," అన్నాడు గంగయ్య.

ఠంగుమంది.

స్నిగ్ధ వంగి చూసి చప్పట్లు కొట్టింది. ఇత్తడి మీద చిన్న గళ్ళబట్ట ముక్కలా ముద్ర కూర్చుంది. హర్షిణి ఏడుస్తోందో నవ్వుతోందో ఆ పిల్లకే తెలియదు. మసి చేతులతో కళ్ళు తుడుచుకుని మొహమంతా నల్లగా చేసుకుంది.

గంగయ్య సమ్మెటను గోడకు ఆనించి, చెమట తుడుచుకుని, చెవి సందులోని బీడీ తీసి నోట్లో పెట్టుకున్నాడు. అంటించలేదు. పట్టకారు ఇంకా హర్షిణి చేతిలోనే ఉంది. దాన్ని తిరిగి అడగలేదు.

"ఇగ చెప్పు," అన్నాడు, "రేపు ఎన్ని గొట్టంగ రమ్మంటవ్ నన్ను?"