బోణీ బేరం

ఈ పరాయి దేశంలో, డునెడిన్ అనే చలి ఊళ్ళో, బిజినెస్ చదివే పిల్లలకు వ్యాపారం నేర్పడానికి నేనొక ఊరు కట్టాను. ఇటుకలతో కాదు, కంప్యూటర్లో. అందులో ఒకటే వీధి, వీధిలో నాలుగు దుప్పట్ల కొట్లు, ఎప్పుడూ పొగమంచు. నాలుగు జట్లు తలా ఒక కొట్టు నడుపుతాయి. ధర పెట్టడం, సరుకు తెప్పించడం, బేరమాడేవాడికి సరే అనడమో కాదనడమో వాళ్ళ ఇష్టం. దుప్పటి దొరికినవాళ్ళు మళ్ళీ ఆ వీధికి రారు. ఒళ్ళు వెచ్చబడ్డాక కొట్టుతో పనేముంది? ఆఖరుకు ఎక్కువ లాభం వచ్చిన జట్టుకు ఎక్కువ మార్కులు. పాఠం చెబితే ఆవులించే పిల్లలు ఆ వీధిలోకి వెళ్ళారంటే తిండి కూడా మరిచిపోతారు.

ఊరు నాది కనుక జనమూ నావాళ్ళే. పోయిన మా మామగారు సుబ్బరామయ్యను కూడా అందులో పెట్టాను. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

ఆయన ప్రొద్దుటూరు నుంచి వచ్చి కొన్నేళ్ళు మాతో ఇక్కడే ఉన్నారు. శనివారం వచ్చిందంటే కొట్టు తలుపు తీసే వేళకు వెళ్ళి నిలబడేవారు. తొలి బేరాన్ని ఎవరూ వెళ్ళగొట్టరని ధీమా. సగం ధరకు అడిగేవారు. కొట్లో పిల్ల నవ్వి, అంటించిన ధర చీటీ చూపించేది. ఆయన ఖాళీ సంచితో ఇంటికొచ్చి, "బోణీ బేరం గూడా కాదంటారేందమ్మా! ఏం మనుషులు వీళ్ళు?" అని నా మీద కేకలేసేవారు, ఆ పిల్లను అక్కడ నిలబెట్టింది నేనే అయినట్టు. పోయిన చలికాలం ఆయన పోయారు. ఆ కేకలు లేని ఇంట్లో ఉండలేక, ఆయన్ని నా వీధిలో నడిపించాను. మంకీ టోపీ, చంకలో సంచి, తొలి బేరం, సగం ధర.

ఒక్కటి మరిచాను. కొనేవాడికి బోణీ నేర్పాను గానీ, అమ్మేవాళ్ళకు బోణీ అంటే ఏమిటో తెలియదు కదా! ఆటలో తెల్లారిందంటే ఆయన రావడం, పిల్లలు 'కాదు' నొక్కడం, ఆయన చలిలో వెనక్కి తిరగడం. సెమిస్టరంతా ఇదే తంతు.

నేను ప్రోగ్రాములో ఒక్క ముక్క మారిస్తే ఆయన చేతికి దుప్పటి వస్తుంది. కానీ నేనిస్తే అది దానమవుతుంది. దానమంటే ఆయనకు ఎక్కడలేని రోషం. కొట్టువాడే మనసారా ఇవ్వాలి.

ఆ పిల్లల్లో జశ్వంత్ మీద ఆశ పెట్టుకున్నాను. వాళ్ళది నెల్లూరు, నాన్నకు గాజుల కొట్టు. వాడూ 'కాదు' నొక్కాడు, అందరికన్నా చురుగ్గా. చదువు బాగా వంటబట్టిందిలే అని ఒళ్ళు మండింది. నేర్పింది నేనే, ఇంకెవర్ని తిట్టను?

ఆట ముగిసే రోజు వచ్చింది. కిటికీ బయట హార్బర్ మీద పొగమంచు, తెర మీదా పొగమంచు. కాసేపటికి ఏది ఏదో తెలియలేదు. క్లాసు గది ఆ వీధిలోనే ఎక్కడో ఉన్నట్టు, తలుపు తీస్తే ఆ చలే నా కాళ్ళకు తగులుతుందన్నట్టు అనిపించింది. ఎక్కడో షట్టర్ లేచిన చప్పుడు కూడా విన్నాననుకుంటాను. ఇవాళ్టితో అంతా ఆగిపోతే ఆయన ఖాళీ సంచితోనే ఉండిపోతారని దిగులేసింది.

జశ్వంత్ జట్టుకూ ముందున్న జట్టుకూ వెంట్రుకవాసి తేడా. మంచులోంచి మంకీ టోపీ వచ్చింది. జశ్వంత్ కొట్టు ముందు ఆగింది. సగం ధర.

"కాదను, పూర్తి ధరకు అమ్మితే గెలిచేస్తాం," అంది ఇంగ్లీషులో, పక్కనే కూర్చున్న వాడి జట్టు పిల్ల హేజల్.

జశ్వంత్ వేలు ఆగిపోయింది. "మేడమ్, ఈ తాత రోజూ షట్టర్ తీయంగానే వస్తాడేంది? ఎప్పుడూ ఫస్ట్ బేరమేనా?"

నేను చెబితే నేనిచ్చినట్టే అవుతుంది. "కొట్టు నీది. నువ్వే చూసుకో," అన్నాను.

"బోణీ బేరం కదా..." వాడు తనలో తాను గొణుక్కున్నాడు. "ఇన్నాళ్ళు కాదన్నది మా నాయన చూసుంటే చంపేసేవాడు నన్ను."

'సరే' నొక్కాడు. హేజల్ తల పట్టుకుంది. వాడు ఆమెను చూడనే లేదు. తెర మీద రాలిన నాణేలను వేళ్ళ కొసలతో తాకి, ఆ వేళ్ళను కళ్ళకద్దుకున్నాడు. ఆ పని చేసినట్టు వాడికే తెలియదు.

మామగారు దుప్పటి కప్పుకుని మంచులోకి నడిచిపోయారు. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

ఆటలో ఆఖరి ఉదయం తెల్లారింది. షట్టర్ లేచింది. గొడుగు పట్టుకుని ఎవరో ఆవిడ వచ్చి, చెప్పిన ధరకే కొనుక్కుని పోయింది. తర్వాత ఇంకెవరో. జశ్వంత్ మెడ చాచి వీధి చివరిదాకా వెతికాడు.

"తాత రాలేదే మేడమ్?"

"ఎందుకొస్తారు నాయనా, దుప్పటి దొరికిందిగా," అన్నాను. అన్నాక గానీ నాకు తెలిసిరాలేదు, ఆయన ఇక రారని.