బరువైన ట్రిగ్గర్

అచ్యుతరావు ఆ పిస్టల్ కోసం ఏడాదికి పైగా ఎదురుచూశాడు. మోరిస్‌విల్ ఊరు దాటాక పైన్ చెట్ల మధ్య రేకుల షెడ్డులో పనిచేసే వెండెల్ అనే పెద్దాయన, పాత మిలిటరీ పిస్టల్ ఒకటి తీసుకుని, దాని చట్రం మాత్రం ఉంచి మిగతాదంతా కొత్తగా అమర్చి, చేత్తో ఆకురాయి పట్టి మరీ తయారుచేశాడు. రిసెర్చ్ పార్కులో ఇంజనీరుగా ఉన్న అచ్యుతరావుకి, ఆఫీసు స్నేహితుల వల్ల శనివారాలు గురి చూసి కాల్చడం అలవాటైంది. 1981 అక్టోబరులో, కొత్త పిస్టల్‌ని మొదటిసారి కాల్చి చూడబోతూ భార్య పద్మినిని కూడా బతిమాలి బయల్దేరదీశాడు.

పద్మినికి తుపాకులంటే భయం లేదు. అవి చేసే పని ఆమెకు బాగా తెలుసు. అనుమానాస్పదంగా చనిపోయినవాళ్ల శవాలను పరీక్షించే ప్రభుత్వ ఆఫీసులో ఆమె పాథాలజిస్టు. ఇంటికి రాగానే తలస్నానం చేసి బట్టలు మార్చుకుంటే గాని వంటింట్లో అడుగుపెట్టేది కాదు. ఆఫీసు సంగతులు ఆమె చెప్పేది కాదు, అతను అడిగేవాడు కాదు. వాళ్ల కాపురంలో అదొక ఒప్పందంలా నడిచిపోయింది.

గురి సాధన చేసే ఆ రేంజ్ అంటే పెద్ద ఏర్పాటేమీ కాదు. చెక్క బల్లలు నాలుగు, ఎదురుగా గుళ్లు ఆపడానికి పోసిన ఎర్రమట్టి దిబ్బ. వెండెల్ అప్పటికే వచ్చి ఉన్నాడు. పొడుగ్గా, కాస్త వంగిన మనిషి. నూనెగుడ్డ విప్పి పిస్టల్‌ని బల్ల మీద పెట్టాడు. నేరేడుపండు నిగారింపుతో నల్లగా మెరుస్తోంది. అచ్యుతరావు గొట్టం మీది స్లయిడ్‌ని వెనక్కి లాగితే ఎక్కడా వదులు లేకుండా, చప్పుడు లేకుండా జారింది. పిడికి వాల్‌నట్ చెక్క. పట్టుకుంటే అరచేయి కోసమే పోతపోసినట్టు ఉంది.

"పద్మా, ఒకసారి పట్టుకుని చూడు. బ్యాలెన్స్ ఎంత బాగుందో," అన్నాడు మురిసిపోతూ.

ముందు అతనే కాల్చాడు. గుళ్లన్నీ అరచేయంత జాగాలో ఒకచోటే పడ్డాయి. అయినా మొహంలో ఏదో వెలితి. ఇంకోసారి కాల్చి, పిస్టల్ దించి, ట్రిగ్గర్ చాలా బరువుగా ఉందన్నాడు. ఇంత పనితనం చూపించి ట్రిగ్గర్ దగ్గర ఎందుకిలా వదిలేశారు, కాస్త తేలిక చేస్తే గురి ఇంకా కుదురుతుంది కదా అని మర్యాదగానే అడిగాడు.

"తేలిక ట్రిగ్గర్లు చెయ్యడం మానేశాను," అన్నాడు వెండెల్. నూనెగుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తరవాత పద్మిని వంతు వచ్చింది. భర్త చెప్పినట్టు కాళ్లు ఎడంగా పెట్టి, ఊపిరి బిగపట్టి నొక్కింది. నిజమే, చాలా బరువు. వేలు నొక్కుతూ నొక్కుతూ ఉంటే, ఇక పేలదేమో అనుకున్న క్షణంలో పేలింది. చేతులు మోచేతుల దాకా ఝల్లుమన్నాయి. సరిగ్గా నడిమధ్యన చిల్లు పడింది. ఒక్కసారిగా సంతోషం పొంగుకొచ్చింది. ఆ సంతోషం వెనకే, ఎవరో భుజం తట్టినట్టు, ఆఫీసులో స్టీలు బల్ల మీద తను చూసిన మొహాలు గుర్తొచ్చాయి. పిస్టల్ కింద పెట్టేసింది.

అచ్యుతరావు పొంగిపోయాడు. తన భార్య డాక్టరని, ఫలానా ఆఫీసులో పనిచేస్తోందని, అందుకే చేయి వణకలేదని వెండెల్‌తో గొప్పగా చెప్పాడు. కొత్త టార్గెట్ కాగితాలు, ఇంకో డబ్బా గుళ్లు తెస్తానని పార్కింగ్ వైపు వెళ్లాడు.

వెండెల్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. తన ఇంటిపేరు చెప్పి, గుర్తుందా అని అడిగాడు.

పద్మినికి గుర్తుంది. మొన్న వేసవికి ముందు సంగతి. డేల్ అనే కుర్రాడు, అదే ఇంటిపేరు, పాతికేళ్లు నిండలేదు, పిస్టల్ గుండు దెబ్బతో ఆమె బల్ల మీదికి వచ్చాడు. అతని మెడ మీద, చెవుల పక్కన కొత్తగా క్షౌరం చేయించుకున్న తెల్లటి గీత ఉంది. నిన్న మంగలి కుర్చీలో కూర్చున్నవాడు ఇవాళ ఇక్కడికెలా వచ్చాడా అని ఆమె ఆ రోజు చాలాసేపు నిలబడిపోయింది. అప్పటినుంచీ కూరగాయల కొట్టులోనో, లిఫ్టులోనో ముందున్న కుర్రాడి మెడ మీద అలాంటి గీత కనబడితే చూపు తిప్పుకునేది.

"ఆ పిస్టల్ నేనే చేసిచ్చాను," అన్నాడు వెండెల్. "మావాడి పుట్టినరోజుకి. ఊదితే పేలేంత తేలిక ట్రిగ్గర్. కావాలనే చేసుకున్నాడని మీ ఆఫీసు రాసిన కాగితం చదివాను. కాని అది రాసినవాళ్లు నా ట్రిగ్గర్ ముట్టుకుని ఉండరు. మా పాస్టరూ, ఇరుగుపొరుగూ అందరూ అన్నారు, తుడుస్తుంటే పేలి ఉంటుందని. ముందురోజే క్షౌరం చేయించుకున్నాడు. అలాంటివాడు కావాలని చేసుకుంటాడా? మీరు చూశారు గనక అడుగుతున్నాను. ట్రిగ్గరేనా?"

అవునంటే ఆయన చేతిపనే కొడుకుని చంపినట్టు. కాదంటే కొడుకే వెళ్లిపోవాలనుకున్నట్టు. ఏ మాటా ఆయనకు మేలు చెయ్యదని పద్మినికి అర్థమైంది. నేను చెప్పకూడదండీ అని తప్పించుకోవచ్చు. ఆఫీసు నియమం కూడా అదే. కాని ఆయన కళ్లు ఆమె మొహాన్ని వదలడం లేదు.

"నేనే చూశాను," అంది. "ఒకటికి రెండుసార్లు చూశాను, ప్రమాదం అయ్యుంటే బాగుండునని. కాదు. ట్రిగ్గర్ ఎంత బరువున్నా అదే జరిగేది. ఎక్కువసేపు బాధపడలేదు. అది మాత్రం గట్టిగా చెప్పగలను."

వెండెల్ దిబ్బ వైపు తిరిగాడు.

"నా తప్పని తేలితే బాగుండేది, డాక్టర్," అన్నాడు.

అచ్యుతరావు తిరిగొచ్చేసరికి ఆయన టోపీ పెట్టుకుని కాగితాలు అంటించడానికి సాయం పట్టాడు.

కారెక్కాక పద్మిని ఆ ఒప్పందం దాటి మొదటిసారి భర్తకి అంతా చెప్పింది. అచ్యుతరావు కారుని రోడ్డు పక్కకి తీసి ఆపాడు. స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని, "ఆయన్ని ట్రిగ్గర్ గురించి అడిగాను చూడు," అన్నాడు. ఆమె వైపు తిరిగి, ఇన్నేళ్లూ ఇలాంటివి ఎన్ని ఒక్కదానివే మోశావని అడిగాడు. ఆమె చేతి మీద చెయ్యి వేశాడు.

తరవాత అచ్యుతరావుకి రేంజ్ మీద మనసు విరిగింది. శనివారం వచ్చేసరికి గడ్డి కోయాలనో, ఎవరో భోజనానికి వస్తారనో ఏదో ఒకటి చెప్పేవాడు. వెళ్లింది పద్మిని. ఎందుకు వెళ్తోందో ఆమెకే సరిగా తెలియదు. రెండు మూడు వారాలకోసారి ఆ పిస్టల్ తీసుకుని కారులో ఒక్కతే వెళ్లేది. ఆ బరువైన ట్రిగ్గర్‌ని నొక్కుతున్నంతసేపూ, మధ్యలో వేలు తీసేయడానికి బోలెడంత వ్యవధి ఉన్నట్టుండేది. కొన్నిసార్లు నిజంగానే తీసేసేది. వెండెల్ పక్క బల్ల మీద కూర్చుని చూసేవాడు, ఎందుకని అడిగేవాడు కాదు.

పేలుళ్ల చప్పుడు అణిగాక ఆయన ఒక్కోసారి మాట్లాడేవాడు. డేల్ ఆరేళ్లప్పుడు వాగులో తాబేలుని పట్టుకొచ్చి స్నానాలతొట్టిలో దాచిన సంగతి, చర్చిలో పాట మధ్యలో నిద్రపోయిన సంగతి. బల్ల మీద మెడ గీతతో మాత్రమే తెలిసిన ఆ కుర్రాడికి కొంచెం కొంచెంగా గొంతూ, నవ్వూ వస్తున్నట్టు పద్మినికి అనిపించేది. అందువల్ల అతను గుర్తు రావడం తగ్గలేదు, ఇంకా ఎక్కువైంది. అయినా ఆమె కదలకుండా కూర్చుని ఆయన చెప్పేదంతా వినేది.