మూడో అంతస్తు మోచెయ్యి

ఆ బిల్డింగులో పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం దిగిన ప్రతి ఒక్కరూ కింది వాటాలో ఉండే ముసలి పైపుల మేస్త్రీ గుమ్మం ముందు ఆగేవారు.

"మేస్త్రీగారూ, మెడ ఎలా ఉంది?"

"మోకాలు బాగుందా అండీ?"

ఇదంతా ఆయన మీద ప్రేమ కాదు, ఎవరి వంటిల్లు వాళ్లకి భయం. పన్నెండు ఇళ్లకీ గ్యాసు పైపులు వేసింది ఆయనే. ఏ ఇంట్లో గ్యాసు కారినా ఆయన ఒంట్లో ఆ ఇంటి కీలు భగ్గున మండేది. మూడో అంతస్తు టైలరమ్మది కుడి మోచెయ్యి.

"నన్ను నన్నుగా అడిగినవాళ్లు ఒక్కరూ లేరమ్మా" అని కోడలి దగ్గర వాపోయేవారు.

ఓ మధ్యాహ్నం భూమి కంపించింది. గిన్నెలు గలగలా దొర్లాయి. మేస్త్రీ నేర్పినట్టే అందరూ గ్యాసు వాల్వులు కట్టేసి వాకిట్లోకి ఉరికారు. టైలరమ్మ మాత్రం, సాయంత్రానికి ఇవ్వాల్సిన కోటు మిగిలిపోయిందని, మెట్ల పక్కనున్న తన వాల్వు కట్టేసి మళ్లీ మిషను ముందు కూర్చుంది.

పావుగంట చెవులు రిక్కించింది. మేస్త్రీ కేక వినబడలేదు. ఆయన ఒంటికేం కాలేదంటే తన పైపుకీ ఏం కాలేదని ధైర్యం తెచ్చుకుంది. జలుబుతో ముక్కు దిబ్బడేసింది, టీ పడితేగానీ లాభం లేదు. వాల్వు తెరిచి వచ్చి అగ్గిపెట్టె వెతకసాగింది.

వాకిట్లో మేస్త్రీ "అబ్బా!" అంటూ మోచెయ్యి పట్టుకుని కూలబడ్డారు.

"టైలరమ్మ వాల్వు తెరిచేసింది! గ్యాసు కట్టి ఉంటే పగులు సంగతి నాకెలా తెలుస్తుంది? పరిగెత్తు తల్లీ!"

కోడలు చెప్పులు వదిలేసి రెండేసి మెట్లు ఎక్కింది. మూడో అంతస్తులో కుళ్లిన గుడ్ల కంపు గుప్పుమంది. చెయ్యి దానంతటదే కాలింగ్ బెల్ మీదికి పోయింది.

"బెల్లు కొట్టకు! చిన్న నిప్పురవ్వ చాలు!" మామగారి కేక మూడంతస్తులూ ఎక్కి వచ్చింది.

ఆమె ముందు వాల్వు కట్టేసి, తలుపు దబదబా బాదింది.

"అక్కా, పుల్ల గీయకు! లైటూ వెయ్యకు!"

తలుపు తెరుచుకుంది. టైలరమ్మ ఒక చేతిలో అగ్గిపెట్టె, ఇంకో చేతిలో పుల్ల.

"మీ మామగారు ఏమీ అనలేదుగా?"

"ఇప్పుడు అంటున్నారు! పద కిందికి!"

ఫోను కూడా వాకిట్లోకి వచ్చాకే చేశారు. గ్యాసు ఆఫీసు మనిషి వచ్చి, పొయ్యి వెనక పైపులో వెంట్రుకంత పగులు చూపించాడు. టైలరమ్మ వంగి ఆ పగులు మీద వేలు పెట్టి చూసింది.

నెల తిరక్కుండా ఆఫీసువాళ్లు అన్ని ఇళ్లకీ కొత్త పైపులు వేశారు. అవి మేస్త్రీ చేతివి కావు. ఒక్కో పాత పైపు ఊడుతుంటే ఆయన ఒంట్లో ఒక్కో కీలు మంట మరిచిపోయింది. ఆ తర్వాత ఆయన గుమ్మం దగ్గర ఆగే అవసరం ఎవరికీ లేకపోయింది. జనం పాల ప్యాకెట్లతో గబగబా వెళ్లిపోయేవారు.

ఒకరోజు టైలరమ్మ రెండు గ్లాసుల్లో టీ పట్టుకుని దిగింది.

"ఎలా ఉన్నారు మేస్త్రీగారూ?"

ఆయన అలవాటుగా కుడి మోచెయ్యి చాపారు.

"అది కాదండీ. మీరు."

ఆయన గుమ్మంలో నిలబడ్డ కోడలి వంక చూశారు. తర్వాత పక్కకి జరిగి బల్ల మీద టైలరమ్మకి చోటిచ్చి, "ఏం చెప్పమంటావమ్మా, రాత్రిళ్లు నిద్రే పట్టడం లేదు" అని మొదలుపెట్టారు.