పందుల కోసం తెచ్చిన తుపాకీ

ఆ పూట ఇంట్లో నలుగురున్నారు. నాన్న కోటేష్, అమ్మ శివపార్వతి, మంచం పట్టిన నాయనమ్మ, పదో తరగతి పరీక్షలకు చదువుకుంటున్న భవ్య.

వాకిట్లో ఎండబోసిన మిరపకాయల మీదుగా ఎదురింటి యలమంద ట్రాక్టరు పోయింది.

"ఏరా, కళ్ళు నెత్తికెక్కాయా?" నాన్న అరిచాడు.

"దారిలో పోస్తే తొక్కక, ముద్దెట్టుకోమంటావా?"

పోయినేడూ ఇలాంటి గొడవే. కర్రలతో తలలు పగలగొట్టుకున్నారు. ఒకే ఆటోలో పొదిలి ఆసుపత్రికి వెళ్ళి, పక్కపక్కనే కూర్చుని కుట్లు వేయించుకుని, తిరిగొస్తూ ఒకే బీడీ కాల్చారు. అప్పటికి ఊరంతటికీ ఒక్కటే తుపాకీ. ఈ ఏడు అడవిపందులు పంట తినేస్తున్నాయని అర్జీ పెట్టినవాడికల్లా లైసెన్సు ఇచ్చారు. తుపాకులు పదకొండయ్యాయి. పందులేమీ తగ్గలేదు. మనుషులే ఇద్దరు పోయారు.

"భవ్యా, తుపాకీ తేవే!"

భవ్య లోపలికి పరిగెత్తింది. నాన్నకు ఎదురుచెప్పే నోరు ఆమెకెప్పుడూ లేదు. తూటా పెట్టడానికి గొట్టం ఎలా వంచాలో కొన్న రోజే నాన్న మురిపెంగా చూపించాడు. వంచింది. లోపలున్న తూటా లాగి బియ్యం డబ్బాలో పడేసింది. ఉత్త తుపాకీ తెచ్చి ఆయన చేతికిచ్చింది.

అప్పటికే యలమంద తనది తెచ్చుకుని నిలబడ్డాడు.

"మగాడివైతే కాల్చరా!"

నాన్న గురిపెట్టి నొక్కాడు. టక్కుమంది, అంతే. ఆయన తెల్లబోయి తుపాకీ వంక చూసుకునేలోపే యలమంద తుపాకీ పేలింది.

నాన్న కాయల మీద వెల్లకిలా పడ్డాడు. పొట్ట చీరుకుపోయింది. అమ్మ కొంగు కుక్కి అదిమింది. నెత్తురు ఆమె వేళ్ళ సందుల్లోంచి తన్నుకొచ్చింది. మోచేతుల దాకా మిరపగింజలు అంటుకున్నాయి. నాన్న మడమలు రెండుసార్లు నేలను కొట్టుకుని ఆగిపోయాయి.

"వాడే ముందు నొక్కాడు! మీరంతా చూశారుగా!" యలమంద తుపాకీ పారేసి నెత్తి బాదుకుంటున్నాడు.

శవాన్ని లోపలికి చేర్చి జనం బయటికొచ్చారు. అమ్మ గుమ్మంలో నిలబడింది. భవ్య వాకిట్లోనే ఉంది.

"నిన్ననే తూటా పెట్టాడే. ఎందుకు పేలలేదు?"

భవ్య చెప్పకుండా ఊరుకోవచ్చు. ఊరుకోలేకపోయింది.

"నేనే తీశానమ్మా. యలమంద బాబాయి చచ్చిపోతాడని..."

అమ్మ గుమ్మం లోపలికి అడుగేసింది.

"బతికాడుగా," అని తలుపేసి గడియ పెట్టుకుంది.