పీసా పిల్లకు జరగని గోపురం

శనివారం పొద్దున్న ఏడింటికే మా గంటగోపురం వెనక వీధివాళ్లు కిటికీల్లోని పూలకుండీలు లోపల పెట్టుకుంటారు. ఆరేసిన దుప్పట్లుంటే తీసేస్తారు. వారాంతానికి మా ఊరు లుక్కా చూడ్డానికి వచ్చినవాళ్లు ఎనిమిదింటి రైలు దిగి, కోటగోడ మీద ఓ అరచుట్టు సైకిలు తొక్కి, తొమ్మిదయ్యేసరికి కెమెరాలతో మా పేటలో ఉంటారు. ఇక భోజనాల వేళదాకా గోపురానికి ఊపిరి సలపదు.

మా చౌకు ఇరుకు. గోపురమేమో బాగా పొడుగు. ఏ మూల నిలబడ్డా మొత్తం ఫోటోలో పట్టదు. అందుకని "కాస్త వెనక్కి జరుగుతావా" అని మర్యాదగా అడిగితే అది రెండడుగులు వెనక్కి వేస్తుంది. ఫోటో అయిపోగానే మళ్లీ వచ్చి తన చోట నిలబడుతుంది. జర్మనీవాళ్లకు జరుగుతుంది, జపానువాళ్లకు జరుగుతుంది, ఫ్లోరెన్సువాళ్లకు కూడా కాస్త సణిగి జరుగుతుంది. పీసావాళ్లకు మాత్రం జరగదు. వాళ్లెవరు తీసినా గోపురం మూడో వరస కిటికీల దగ్గర తెగిపోతుంది, తలకాయ ఉండదు. పీసా మాకు రైల్లో అరగంట దూరం. మధ్యనున్న పగ ఎన్ని వందల ఏళ్లదో ఎవరికీ సరిగ్గా తెలియదు. రాయికైనా ఆ మాత్రం పౌరుషం ఉన్నందుకు మాకు గర్వంగానే ఉంటుంది, దాచుకోవడం దేనికి?

ఈ వ్యవహారానికంతటికీ పెద్దదిక్కు ఆర్జియా. ఎనభై రెండేళ్ల మనిషి. గోపురం తాళంచెవి నాలుగు తరాలుగా వాళ్లింట్లోనే ఉంది. శని, ఆదివారాల్లో తన ఇంటి గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని, ఒళ్లో గిన్నె పెట్టుకుని చిక్కుడు గింజలు ఒలుస్తూ, వచ్చినవాళ్లకు ఎక్కడ నిలబడాలో చెబుతూ ఉంటుంది.

"ఓ టోపీ అబ్బాయ్! ముందు అడుగు, తర్వాత నొక్కు. అడక్కుండా నొక్కడానికి అదేమన్నా నీ పెంపుడు కుక్కా?"

తల్లీ తండ్రీ లేని మనవడు యాకొపోని ఈవిడే పెంచింది. వాడికి ముప్పై ఏళ్లు, కోటగోడ కింద సైకిళ్లు అద్దెకిచ్చే కొట్టు నడుపుతాడు. బుద్ధిమంతుడు. మొన్న వసంతంలో ప్రేమలో పడ్డాడు. పడితే పడ్డాడు, పోయి పోయి పీసా పిల్లతో పడ్డాడు.

ఆ అమ్మాయి పేరు ఇలేనియా. ఫోటోలు తీయడమే ఆమె పని. పీసాలో వాలిన గోపురం ముందు పదేళ్లుగా నిలబడి, దేశదేశాల నుంచి వచ్చినవాళ్ల చేత చేతులు చాపించి, వాళ్లే గోపురాన్ని పడిపోకుండా ఆపుతున్నట్టు తీసిపెడుతోంది. ఆ సంగతి విన్న రోజున ఆర్జియా రాత్రి భోజనం మానేసింది.

మర్నాడు మనవడిని పిలిచి తేల్చి చెప్పింది. "ఒక శనివారం, ఒక ఆదివారం ఇస్తున్నా. వచ్చి మన గోపురాన్ని తియ్యమను. తలతో సహా పట్టిందా, పెళ్లికి నేనే ముందు వరసలో కూర్చుంటా. పట్టలేదా, ఆదివారం సాయంత్రం ఏడింటి రైలెక్కి వెళ్లిపోవాలి. మళ్లీ ఆ పేరు ఈ ఇంట్లో వినపడకూడదు."

"నానమ్మా, అది జరగదని నీకు తెలుసుగా!"

"నాకేం తెలుసు? గోపురం ఇష్టం."

నానమ్మ లేని పెళ్లి చేసుకునే గుండె యాకొపోకి లేదు. ఇలేనియాను వదులుకునే గుండె అంతకన్నా లేదు. మూడు రోజులు సైకిళ్లకు చక్రాలు తారుమారుగా బిగించి, చివరికి ఇలేనియాకి చెప్పేశాడు. ఆమె ఒక్క క్షణం ఆలోచించి "వస్తాను" అంది.

శనివారం వచ్చి సత్రంలో సంచీ పడేసింది. పొద్దున్న తీసింది, మధ్యాహ్నం తీసింది, బండపరుపు మీద వెల్లకిలా పడుకుని తీసింది, బావి గట్టు ఎక్కి తీసింది. మర్యాదగా అడిగే తీసింది. ఆమె పక్కనే నిలబడ్డ నార్వే ముసలాయనకు గోపురం గబగబా రెండడుగులు జరిగి మరీ నిలబడింది. ఆమె వంతు వచ్చేసరికి రాయి రాయిలాగే ఉండిపోయింది. చౌకులో కాఫీ కొట్టు ఫోస్కో తన కుర్చీల మధ్య నుంచి తమాషా చూస్తున్నాడు.

"ఏమ్మా, మళ్లీ తలకాయ కోసేశావా?"

"మీ ఊళ్లో తలకాయలు ఎవరూ వాడుతున్నట్టు లేదు గదా అని వదిలేశాను బాబాయ్."

ఫోస్కో చేతిలో కాఫీ సగం సాసర్లోకి వచ్చింది. ఆ రోజంతా ఆ మాట తనే నలుగురికీ చెప్పి నవ్వాడు. మాకు వాళ్లంటే పడకపోవచ్చు, దెబ్బకు దెబ్బ అన్నవాళ్లను మెచ్చుకోవడం మాత్రం మాకు తెలుసు. ఆర్జియా గింజలు ఒలుస్తూనే ఉంది. మూతి మాత్రం కొంచెం కదిలింది.

ఆదివారం మధ్యాహ్నం అయినా అదే తంతు. భోజనం వేళకు ఆర్జియా లేచి లోపలికి వెళ్లి, మాంసం కూరి ముడిచిన తోర్దెల్లి ఒక పళ్లెం నిండా పట్టుకొచ్చి, గుమ్మం బయట పీట మీద పెట్టింది. మా ఇళ్ల ముందు నుంచి ఎవరూ ఆకలితో పోరు, పీసావాళ్లైనా సరే. గడప లోపలికి రానివ్వడం వేరే సంగతి.

ఇలేనియా వీధిలో పీట పక్కన కూర్చుని పళ్లెం ఊడ్చినట్టు తినేసింది. "ఇంతకన్నా మంచివి నేనెక్కడా తినలేదు బామ్మగారూ" అంది.

"తిని ఉండవు" అంది ఆర్జియా. "రైలుకి ఇంకా ఐదు గంటలుంది. పోయి బతిమాలు దాన్ని. కాస్త ఏడు. పీసావాళ్లు ఏడిస్తే ఎలా ఉంటుందో అది ఎప్పుడూ చూడలేదు."

యాకొపో తల దించుకున్నాడు. ఇలేనియా మూతి తుడుచుకుని లేచింది. మొహం ఎర్రబడింది.

"అడిగాను. నిన్నటి నుంచి యాభై సార్లు మర్యాదగా అడిగాను. బతిమాలను. మా నాన్న రోజూ మా గోపురం ముందు చీపురు పట్టి ఊడుస్తాడు, ఆయన కూతురు ఇంకో గోపురం ముందు ఏడవదు. యాకొపో అంటే నాకు ప్రాణం. ఆ ముక్క మీ మొహం మీదే చెప్తున్నాను. కానీ ఏడవను."

ఆర్జియా గడ్డం పైకెత్తి చూసింది. చేతులకు తోర్దెల్లి పిండి అలాగే ఉంది. అరవై ఏళ్ల కిందట ఆవిడ కూడా తన అత్తగారితో సరిగ్గా ఇలాగే మాట్లాడిందని పేటలో పెద్దవాళ్లకు తెలుసు.

"కదలకండి బామ్మగారూ. అలాగే ఉండండి" అంది ఇలేనియా. గొంతులో కోపం పోయింది, పని వచ్చింది.

"ఏమిటి?"

"రెండు రోజుల్నుంచి తియ్యాల్సింది వదిలేసి ఇంకోదాన్ని తీస్తున్నాను. ఈ ఊళ్లో నిలువెత్తు నిలబడ్డది మీరు. గడ్డం దించకండి."

గోపురం ఆర్జియా ఇంటికి ఎడమవైపు, నాలుగిళ్లకు అవతల ఉంటుంది. ఇలేనియా దానివైపు చూడనైనా చూడకుండా వీధికి అవతలి గోడకు ఆనుకుని ఆర్జియాని తీసింది. ఒకటి, రెండు. మా గోపురం పుట్టినప్పటి నుంచి కెమెరా చేతిలో ఉన్న మనిషి దాన్ని కాదని ఇంకొకర్ని తీయడం ఎన్నడూ ఎరగదు. మొదట కాసేపు ఊరుకుంది. తర్వాత లోపల గంట తనంతట తాను ఒకసారి టంగుమంది. ఇలేనియా మూడోది తీసేటప్పుడు ఆర్జియా ఇంటి కప్పు మీద నీడ పడింది.

ఫోస్కో చూశాడు. చూసి, కాఫీ కొట్టు తలుపు వేసేశాడు. ఎదురింటివాళ్లు కిటికీ మూశారు. ఇద్దరు సైకిలువాళ్లు ఉన్నట్టుండి చెప్పుల బకిల్స్ సర్దుకోసాగారు. లుక్కా గంటగోపురం, అదీ ఆదివారం పట్టపగలు, పీసా గోపురంలా ఒక పక్కకు వాలింది. అంతా అయ్యాక అది మెల్లగా లేచి నిలబడింది కానీ బెత్తెడు వాలు మిగిలిపోయింది. ఇప్పటికీ ఉంది. మా పేటలో ఎవర్నయినా అడగండి, నిటారుగానే ఉందంటారు, మీ మెడ చూపించుకోమంటారు.

ఇలేనియా కెమెరా తెచ్చి ఆర్జియా చేతిలో పెట్టింది. తెర మీద పిండి చేతులతో, ఎత్తిన గడ్డంతో, ఎవరి ముందూ తగ్గని ఆడమనిషి. ఆమె ఇంటికప్పు మీదుగా, ఫోటోలో చోటు కోసం మెడ చాచి వంగిన గోపురం, తలతో సహా.

"పట్టింది నానమ్మా" అన్నాడు యాకొపో చిన్నగా. "తల పట్టింది."

"కళ్లున్నాయిరా నాకు." ఆర్జియా చాలాసేపు చూసింది. "ఇది పీసాలో ఎవరి కంటయినా పడితే మనం ఊళ్లో తలెత్తుకు తిరగగలమా?"

"చెరిపేయమంటారా?" అంది ఇలేనియా. నిజంగానే బొత్తాం మీద వేలు పెట్టింది.

"చెరిపేస్తావా! మతుండే మాట్లాడుతున్నావా?" ఆర్జియా కెమెరాను గుండెలకు హత్తుకుంది. "నన్నిలా ఎవరు చూశారే ఇన్నేళ్లలో? మా ఆయనైనా చూశాడా?" ఆ వెంటనే గట్టిగా అంది: "ఈ ఫోటో ఈ గడప దాటి బయటికి పోదు."

"మీ దగ్గరే ఉంచుకోండి బామ్మగారూ. నేను ఎవరికీ చెప్పను. ఒట్టు."

"పీసాదాని ఒట్టు నమ్మి పీసాకి పంపేంత వెర్రిదాన్నా? ఫోటో ఎక్కడుంటే తీసిన చెయ్యీ అక్కడే ఉండాలి." ఆర్జియా గుమ్మానికి అడ్డంగా ఉన్న కుర్చీని పక్కకు లాగింది. "ఏమిట్రా అలా చూస్తావు? సత్రానికి పోయి ఆ పిల్ల సంచీ పట్టుకురా. నువ్వు లోపలికి రావే, కాళ్లు తుడుచుకుని రా."